అక్క కంప్యూటర్‌కి నేను తీసేసిన గడియ

"తమ్ముడూ, నీ బటన్ నొక్కుతున్నా ఏం కదలట్లేదు!"

అప్పట్లో నా ఉదయాలన్నీ ఈ ఫోన్‌తోనే మొదలయ్యేవి.

నేను విజయవాడలో ఓ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేస్తాను. లారీ ట్రిప్పు ముగిశాక కిరాయి, డీజిలు, టోలు, డ్రైవర్ బత్తా, ఇచ్చిన అడ్వాన్సు అన్నీ లెక్కేసి బ్యాలెన్స్ తేల్చాలి. రోజూ సాయంత్రం రెండు గంటల పని. యూట్యూబ్ చూసి నేర్చుకుని, ఎక్సెల్‌లో ఓ మ్యాక్రో రాశాను. మ్యాక్రో అంటే మరేం లేదు, మనం చేత్తో చేసే పనుల్ని వరసగా రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రామ్. బటన్ నొక్కితే నిమిషంలో ట్రిప్ షీట్ రెడీ. ఓనర్ గారు చూసి, "అన్ని బ్రాంచిలకీ పంపరా" అన్నారు. ఆ రోజు నా కాలర్ నేనే ఎగరేసుకున్నాను.

మర్నాటి నుంచే తంటాలు. బ్రాంచిల్లో ఉన్నది 2010 నాటి ఎక్సెల్. ఫైల్ తెరవగానే పైన పసుపు పట్టీ వస్తుంది, 'మ్యాక్రోలు ఆపేశాం' అని. పక్కనే ఉన్న 'ఎనేబుల్ కంటెంట్' నొక్కితే చాలు. ఒకసారి నొక్కితే ఆ ఫైల్‌ని గుర్తుపెట్టుకుంటుంది కూడా. కానీ నేను రోజూ కొత్త రేట్లతో కొత్త ఫైల్ పంపేవాణ్ణి. కాబట్టి రోజూ పట్టీ, రోజూ ఫోన్లు.

విసుగొచ్చింది. ఓ రోజు అందరికీ ఫోన్ చేసి చెప్పేశాను. ఫైల్, ఆప్షన్స్, ట్రస్ట్ సెంటర్, మ్యాక్రో సెట్టింగ్స్... అక్కడ 'ఎనేబుల్ ఆల్ మ్యాక్రోస్' పెట్టేయండి, ఇక గొడవుండదు అని.

గుంటూరు బ్రాంచిలో అక్క ఒక్కతే అడిగింది. "తమ్ముడూ, దీని పక్కన 'ఇది మంచిది కాదు' అన్నట్టు ఏదో ఇంగ్లిషులో రాసుందిరా?"

"అది అలాగే రాస్తారక్కా, నువ్వు నొక్కెయ్" అన్నాను.

నొక్కేసింది. ఫోన్లు ఆగిపోయాయి. సమస్య తీర్చేశాననుకున్నాను.

రెండు నెలల తర్వాత అక్కకి ఓ మెయిల్ వచ్చింది, డీజిల్ బిల్లు పేరుతో. తెరిస్తే 'ఎనేబుల్ ఎడిటింగ్' అంది. అలవాటుగా నొక్కింది. లోపల ఖాళీ షీటు. మూసేసి పనిలో పడిపోయింది. మామూలుగా అయితే అక్కడ ఇంకో ప్రశ్న రావాలి, మ్యాక్రో నడపమంటారా అని. రాలేదు. ఆ ప్రశ్న అడిగే కాపలావాణ్ణి ఇంటికి పంపేసింది నేనే కదా!

మూడో రోజుకి మా పార్టీల నుంచి ఫోన్లు. గుంటూరు ఆఫీసు మెయిల్ నుంచి ఏవో బిల్లులొస్తున్నాయేంటని. ఓనర్ గారు స్పీకర్ పెట్టి అక్కని చెడామడా తిట్టారు. "ఏది పడితే అది నొక్కేస్తావా?" అని. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అక్క ఒక్క మాట అనొచ్చు, 'తమ్ముడే చెప్పాడు' అని. అనలేదు. నేను కూడా నోరు తెరవలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. సాయంత్రం ఓనర్ గారి గదిలోకి వెళ్లి, "సార్, తాళం తీయించింది నేనే" అని చెప్పాను. తిట్లు తిన్నాను. ఆ తర్వాత అక్కకి ఫోన్ చేశాను. "తెలుసులేరా" అంది అంతే.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఇది కొత్త కథేం కాదు. 1999లోనే మెలిస్సా అనే మ్యాక్రో వైరస్ వర్డ్ ఫైల్‌లో దూరి, అవుట్‌లుక్ అడ్రస్ పుస్తకంలోని మొదటి 50 మందికి తనంతట తానే మెయిల్ అయ్యేదట. అలాంటివి చూసి చూసి 2022లో మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను నేరుగా ఆపేయడం మొదలుపెట్టింది. కొత్త ఎక్సెల్‌లో అందుకే ఎర్ర పట్టీ వస్తుంది, 'ఎనేబుల్' బటనే ఉండదు. ఫైల్ నిజంగా మనవాళ్లదే అని తేలితే, ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' టిక్ పెట్టుకోవాలి. ఆ ఒక్క ఫైల్‌కి మాత్రమే.

నాకు అర్థమైంది అదే. చుట్టం వస్తున్నాడంటే అతను వచ్చాక తలుపు తీస్తాం. గడియే పీకేసి పడుకోం.

మర్నాడు అన్ని బ్రాంచిల్లో సెట్టింగ్ వెనక్కి మార్పించాను, 'డిజేబుల్ ఆల్ మ్యాక్రోస్ విత్ నోటిఫికేషన్' అని. అంటే ఆపుతుంది, కానీ మనల్ని అడుగుతుంది. ప్రతి కంప్యూటర్‌లో 'ట్రిప్ షీట్' అని ఓ ఫోల్డర్ పెట్టి, ట్రస్ట్ సెంటర్‌లో దాన్ని మాత్రం నమ్మకమైన చోటుగా చేర్పించాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ని మాత్రం అలా చేర్చొద్దు, ఊళ్లో చెత్తంతా వచ్చి పడేది అక్కడే. రోజూ కొత్త ఫైల్ పంపడం మానేశాను. మ్యాక్రో ఉన్న ఫైల్ ఒక్కటే, ఆ ఫోల్డర్‌లోనే ఉంటుంది. రేట్లు మామూలు షీట్‌లో వెళ్తాయి. మామూలు ఫార్ములాతో అయిపోయే లెక్కలకి మ్యాక్రోయే తీసేశాను. దాంతో ఫోన్‌లో చూసుకునే డ్రైవర్లకీ సుఖమైంది, ఎందుకంటే ఫోన్‌లోని ఎక్సెల్ మ్యాక్రోలని నడపదు.

ఇప్పటికీ అక్క ఫోన్ చేస్తుంది. మెయిల్‌లో ఏ షీట్ వచ్చినా తెరవకముందే.

"తమ్ముడూ, ఇది నువ్వు పంపిందేనా?"

ఇరవై సెకన్ల ఫోన్. ఇప్పుడు విసుగు రావట్లేదు.