నింద గ్రాఫిక్స్ కార్డు మీద

బెంగళూరులో కుందలహళ్ళి గేటు దాటి ఏఈసీఎస్ లేఅవుట్ వైపు నడిస్తే ఆంధ్రా మెస్సులు, పీజీ హాస్టళ్ళ బోర్డులు వరసగా కనిపిస్తాయి. పగలంతా ఐటీపీఎల్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసి వచ్చే తెలుగు కుర్రాళ్ళలో కొందరికి రాత్రిపూట ఒకటే ముచ్చట, సొంతంగా బిగించుకున్న గేమింగ్ పీసీ. పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో రైలు మారి, చిక్‌పేటలో దిగితే ఎస్పీ రోడ్డు దగ్గరే. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ అన్నీ అక్కడ బేరమాడి తెచ్చుకోవచ్చు. అలా ఒక్కో స్క్రూ తానే తిప్పి నిలబెట్టిన సిస్టమ్, ఆట మంచి రసపట్టులో ఉండగా స్టక్ అయిపోతే ప్రాణం ఉసూరుమంటుంది.

మొదటి నింద గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది. అన్నిటికన్నా ఖరీదైనది అదే, తేడా కనబడేదీ తెర మీదే. ఫార్మాట్ కొట్టమని ఒకరు, కార్డు మార్చేయమని ఇంకొకరు సలహా ఇస్తారు. రెండూ తొందరపాటే.

ముందు తెర ఎలా చెడిందో చూడాలి. రంగు గళ్ళు, గీతలు, చుక్కలు ఆట మొదలుకాకముందే, బయోస్ తెర మీద కూడా కనిపిస్తే కార్డునో కేబుల్‌నో అనుమానించడం న్యాయమే. బొమ్మ ఆగిపోయి, తెర ఒకసారి నల్లబడి మళ్ళీ వస్తే కథ వేరు. కార్డు రెండు సెకన్లు బదులివ్వకపోతే డ్రైవర్‌ను విండోస్ తానే మళ్ళీ లేపుతుంది. విస్టా కాలం నుంచీ ఉన్న ఏర్పాటిది. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 నంబరుతో ఆ సంగతి నమోదై ఉంటుంది. పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో పూర్తిగా తుడిచేసి కొత్తది వేసి చూడాల్సింది ఇక్కడే. ‘కెర్నెల్ పవర్ 41’ అని ఉంటే మాత్రం, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాలేదన్నంతవరకే అర్థం. కారణం ఏమిటో ఆ నంబరు చెప్పదు. అందులో ‘పవర్’ అన్న మాట ఉంది కదా అని కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనేస్తే డబ్బు దండగ కావచ్చు.

అలాగని ఎస్‌ఎంపీఎస్‌ను వదిలేయకూడదు. బోర్డు మీది స్లాటు కార్డుకు ఇవ్వగలిగేది 75 వాట్లే. మిగతా భారమంతా తీగలదే. ఎనిమిది పిన్నుల కనెక్టరు లెక్క 150 వాట్లు. పెద్ద కార్డుకు రెండు సాకెట్లుంటే రెండు విడి తీగలు లాగడం మంచిది. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తలో కొందరి కనెక్టర్లు కరిగిపోయాయి. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడం అందుకు ఒక ముఖ్య కారణమని ఎన్‌విడియా తేల్చింది. కరెంటు ఆపి, ఆ ప్లగ్గు చివరిదాకా దిగిందో లేదో వేలితో నొక్కి చూడటానికి నిమిషం కూడా పట్టదు.

ఇక ర్యామ్. బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపేసి, రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపిస్తే చాలా గుట్లు బయటపడతాయి. తప్పు కనబడితే ఒక్కో స్టిక్కు విడిగా పెట్టి చూడాలి. అన్నిటికన్నా గట్టి పరీక్షకు మాత్రం ఈ పీజీ హాస్టళ్ళ పేట చాలా అనువైన చోటు. పక్క గదిలోనే ఇంకో గేమింగ్ పీసీ ఉంటుంది. ఆ మిత్రుడి కార్డు ఒక్క రాత్రికి అడిగి తెచ్చి, అదే ఆట, అదే సీను ఆడి చూస్తే సగం అనుమానాలు తీరిపోతాయి. ఒకసారికి ఒక్క భాగమే మార్చాలి. కార్డూ ర్యామూ కలిపి మార్చితే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు.

కార్డు మీద అన్యాయంగా పడ్డ నిందకు ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల ఉదంతాన్ని మించిన ఉదాహరణ దొరకదు. అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన ఆటలు తెరిస్తే వీడియో మెమరీ చాలడం లేదని మెసేజ్ వచ్చి ఆట మూతపడేది. 24 జీబీ మెమరీ ఉన్న కార్డుల మీద కూడా అదే మాట! పాపం ఎంతమంది కార్డులు విప్పి బిగించుకున్నారో. ఆ మెసేజ్ చూసినవాళ్ళు ఇంటెల్‌ను సంప్రదించాలని 2024 ఏప్రిల్‌లో ఎన్‌విడియానే చెప్పాల్సి వచ్చింది. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ వెళ్ళి, అది లోలోపల దెబ్బతింటోందని ఆ ఏడాది జులైకి తేలింది. ఆగస్టులో 0x129, సెప్టెంబరులో 0x12బి మైక్రోకోడ్‌లు వచ్చాయి. బోర్డు కంపెనీ ఇచ్చే కొత్త బయోస్ వేసుకుంటే అవి సిస్టమ్‌లోకి చేరతాయి. ఈ తరాల ఐ7, ఐ9 వాడేవాళ్ళు ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేకపోయినా ఆ పని చేసి తీరాలి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు. దాన్ని మార్పించుకోవాల్సిందే. అందుకోసమే ఇంటెల్ వీటి వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది.