నీలం తెర వెనక ఏముంది? మన సంఘం ల్యాప్‌టాప్ సంగతి



మన సంఘం ల్యాప్‌టాప్ రెండు నెలలుగా నీలం తెర చూపించి మాటిమాటికీ ఆగిపోతోందని మీలో చాలామందికి తెలుసు. "ఫార్మాట్ కొట్టించెయ్యండి" అని కొందరు, "వైరస్ పడింది" అని కొందరు, "పాతది పారేసి కొత్తది కొందాం, తలో కాస్తా వేసుకుందాం" అని ఇంకొందరు అన్నారు. మూడు సలహాలూ సంఘం మేలు కోరి ఇచ్చినవే. అయినా మూడింటిలో ఒక్కటీ ఎందుకు పాటించలేదో, చివరికి రోగం ఎక్కడ దొరికిందో అందరికీ ఒకేసారి చెబుదామని రాస్తున్నాం. కాస్త పొడుగైంది. తీరిగ్గా చదవండి. రేపు మీ పిల్లల ల్యాప్‌టాప్‌కి ఇదే వస్తే అక్కరకొస్తుంది.

ముందు ఆ పెట్టెలో ఏముందో చెప్పాలి. సభ్యుల పట్టీ, చందా లెక్కలు సరే, అవి కాగితం మీద కూడా ఉన్నాయి. పాత ఉగాది సంచికల డీటీపీ ఫైళ్లున్నాయి. అవి యూనికోడ్ రాకముందు నాటి ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనబడదు, పిచ్చి గుర్తులు కనబడతాయి. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్ కొన్నంత మాత్రాన అవి మన చేతికి రావు.

అన్నిటికన్నా ముఖ్యమైనవి పెద్దల మాటల రికార్డింగులు. మొత్తం 34 మందివి. గోపాలపూర్‌లో స్టీమరెక్కి రంగం వెళ్లిన తండ్రుల కబుర్లు, బ్రహ్మపురం ఠాకురాణి యాత్ర గురించి నేత ఇళ్ల పెద్దలు చెప్పిన సంగతులు, 1936లో గంజాం ఒడిశాలో కలిశాక ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా ఎలా నడిచాయో చెప్పిన మాటలు. ఆ 34 మందిలో 11 మంది ఇప్పుడు లేరు. వాళ్ల గొంతు వినాలంటే ఇక ఆ ఫైళ్లే దిక్కు.

అందుకే దుకాణంలో కుర్రాడు "గంటలో ఫార్మాట్ కొట్టి ఇచ్చేస్తాను సార్" అన్నప్పుడు మేం ల్యాప్‌టాప్ వెనక్కి తెచ్చేసుకున్నాం. ఫార్మాట్ అనేది చివరి మాట. అదే మొదటి మాట కాకూడదు.

నీలం తెర అంటే చాలామందికి భయం. నిజానికి అది కాపలావాడి కేక లాంటిది. మన ఊళ్లో మగ్గం చూసినవాళ్లకి సులువుగా అర్థమవుతుంది. నేస్తుండగా పోగు తెగితే నేతగాడు అక్కడికక్కడే మగ్గం ఆపేస్తాడు. ఆపకుండా నేస్తే పట్టు అంతా పాడవుతుంది. విండోస్ కూడా అంతే. లోపలి కీలక భాగంలో సరిచేసుకోలేని తప్పు ఎదురైతే, అలాగే నడిస్తే ఫైళ్లు పాడవుతాయని తనంతట తానే ఆగిపోతుంది. ఆగేముందు ఏ తప్పు దొరికిందో తెర మీద ఒక పేరు రాసి చూపిస్తుంది. దాన్నే స్టాప్ కోడ్ అంటారు. మనం చదవాల్సింది అది.

వైరస్ అనుకున్నవాళ్లకి ఒక మాట. 2024 జులై 19న ప్రపంచమంతటా విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో నీలం తెరలు కనబడ్డాయి గుర్తుందా? మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల కంప్యూటర్లు. అది వైరస్ పని కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్‌లో తప్పు వల్ల వచ్చింది. నీలం తెరకి డ్రైవర్లు, ర్యామ్, డిస్కు, వేడి, ఇలా ఏదైనా కారణం కావచ్చు. కారణం తెలియకుండా మందు వెయ్యకూడదు.

మేం చేసిన మొదటి పని ఒక నోటుపుస్తకం పెట్టడం. ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, స్టాప్ కోడ్ రాశాం. కోడ్ చదివేలోపే ల్యాప్‌టాప్ మళ్లీ మొదలైపోతుంటే, సిస్టమ్ సెట్టింగుల్లో 'స్టార్టప్ అండ్ రికవరీ' అనే చోట 'ఆటోమేటిక్ రీస్టార్ట్' దగ్గర టిక్ తీసెయ్యండి. తెర అలాగే నిలబడుతుంది, ఫోనుతో ఫొటో తీసుకోవచ్చు. విండోస్ ఫోల్డర్లో 'మినీడంప్' అనే చోట కూడా ఆగిన ప్రతిసారికీ ఒక చిన్న ఫైలు మిగులుతుంది. బాగుచేసేవాళ్లకి అది చాలా ఉపయోగం. దాన్ని చెరపకండి.

పదిహేను రోజుల్లో 23 సార్లు ఆగింది. పుస్తకం చూస్తే రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, మధ్యాహ్నాలు ఎక్కువగా ఆగుతోంది. రెండు, కోడ్ ఒక్కటి కాదు. ఒకరోజు 'మెమరీ మేనేజ్‌మెంట్', ఇంకోరోజు 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా', మరోరోజు 'సిస్టమ్ సర్వీస్ ఎక్సెప్షన్'.

మధ్యాహ్నం అనగానే వేడి మీద అనుమానం వచ్చింది. మన తీరప్రాంతపు ఉక్క సంగతి తెలిసిందే కదా. అడుగు మూత విప్పి ఫ్యాన్‌లో దుమ్ము తీయించాం. వేడి తగ్గింది, ఆగడం మాత్రం తగ్గలేదు. మళ్లీ పుస్తకం చూస్తే అసలు సంగతి బోధపడింది. మధ్యాహ్నాలే మనవాళ్లు పెద్ద పెద్ద స్కాన్ ఫైళ్లు తెరిచి పని చేస్తున్నారు. అంటే ర్యామ్ నిండా వాడుకునే వేళ అదే.

విండోస్ సొంత ఫైళ్లు సరిచేసే 'ఎస్‌ఎఫ్‌సీ', 'డిస్మ్' ఆదేశాలు నడిపాం. డ్రైవర్లు కొత్తవి వేశాం. డిస్కు ఆరోగ్యం చూపించే స్మార్ట్ వివరాలు చూశాం, బాగానే ఉన్నాయి. నీలం తెర మాత్రం పోలేదు.

ఒకే డ్రైవర్‌లో లోపముంటే చాలాసార్లు ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు కనబడుతుంది. కోడ్ రోజుకొకటి మారుతుంటే ర్యామ్‌ని అనుమానించాలి. డిస్కు బీరువా అనుకుంటే ర్యామ్ రాతబల్ల. బీరువాలోంచి ఏది తీసినా ముందు బల్ల మీద పెట్టే పని చేస్తాం. బల్లకి ఒకచోట కన్నం ఉంటే ఆ రోజు ఏ కాగితం అక్కడ పడితే ఆ కాగితం పాడవుతుంది. అందుకే కోడ్ రోజుకో రకం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ర్యామ్ మీద అనుమానం ఉన్నప్పుడు అదే ల్యాప్‌టాప్‌లో బ్యాకప్ తియ్యకూడదు. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ఆ కన్నాల బల్ల మీదుగానే పోతుంది. కాపీ అయినట్టే కనబడి, లోపల తప్పు దూరవచ్చు. అందుకని డిస్కుని బయటికి తీసి, యూఎస్‌బీ పెట్టెలో పెట్టి, వేరే మంచి కంప్యూటర్‌కి తగిలించి కాపీ చేశాం.

దానికి ముందు ఇంకో పని ఉంది. ఈ రోజుల్లో చాలా ల్యాప్‌టాప్‌ల డిస్కుకి బిట్‌లాకర్ తాళం ఉంటుంది. వేరే కంప్యూటర్‌కి తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మన ఫైళ్లు మనకే అందవు. మన ల్యాప్‌టాప్ ఒక సభ్యులు విరాళంగా ఇచ్చింది కాబట్టి ఆ కీ ఆయన సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంది. ఆయన ఇప్పుడు కొడుకు దగ్గర వేరే ఊళ్లో ఉంటున్నారు. ఫోన్ చేస్తే పాపం వెంటనే వెతికి పంపారు. ల్యాప్‌టాప్ ఇంకా తెరుచుకుంటుండగానే అందులోంచి కూడా కీ ప్రింట్ తీసి రెండూ సరిచూసుకున్నాం. మీరూ ఇవాళే ఆ కీ ప్రింట్ తీసి ఇంటి కాగితాలతో పెట్టుకోండి. పూర్తిగా ఆగిపోయాక ఆ ఖాతా ఎవరిదో వాళ్లనే వెతుక్కోవాలి.

ఫైళ్లు భద్రమయ్యాక మెమ్‌టెస్ట్86 అనే ఉచిత పరీక్ష పెట్టాం. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది, విండోస్‌తో పని లేదు. మన ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ముక్కలు రెండు. ఒకటి 4 జీబీ, మొదటినుంచీ ఉన్నది. రెండోది 8 జీబీ, తర్వాత వేయించినది. రెండూ ఉంచి పరీక్షిస్తే ఇరవై నిమిషాల్లో ఎర్ర గీతలు మొదలయ్యాయి. 8 జీబీ తీసేసి రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ రాలేదు. 4 జీబీ తీసి 8 జీబీ ఒక్కటే పెడితే మళ్లీ తప్పులు. దాన్నే రెండో గూట్లో పెట్టి చూశాం, అక్కడా తప్పులే. అంటే గూడు మంచిదే, ముక్కే చెడింది. రబ్బరుతో దాని అంచులు తుడిచి చూస్తే ఒకరోజు బాగున్నట్టనిపించి మర్నాడు మళ్లీ మొదటికొచ్చింది. కొత్త ముక్క వేయించాం. రెండు వేల లోపే అయింది. అయిదు వారాలైంది, నీలం తెర మళ్లీ కనబడలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కాపీ చేసిన రికార్డింగులు 34 కూడా మొదటినుంచి చివరిదాకా వినాలని అనుకున్నాం. ఫైలు పేరు ఉంది, సైజు ఉంది అంటే సరిపోదు. ఆరుగురు సభ్యులు పంచుకుని విన్నారు. రెండు ఫైళ్లు దెబ్బతిన్నాయి. రెండూ నీలం తెరలు మొదలయ్యాక, ఫోన్లోంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించినవి. ఒకదాని అసలు రికార్డింగ్ తీసిన కుర్రాడి ఫోన్లోనే ఉంది, దక్కింది. రెండోది సగం వరకే ఉంది. మిగతా సగమంతా నిశ్శబ్దం. ఎక్కుతుండగానే ఆగిపోయిన రోజుదది. మాట్లాడిన పెద్దమ్మగారు మాఘమాసంలో పోయారు. ఆవిడ మాటల్లో మనకి మిగిలింది ఆ సగమే. వాళ్ల ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆవిడ కోడలు ఆ సగం కాపీ అడిగి తీసుకున్నారు. మిగతాది అత్తగారు వంటింట్లో ఎన్నోసార్లు చెప్పిందేననీ, తనకి గుర్తున్నంత తాను చెబుతాననీ అన్నారు. వచ్చే వారం ఆవిడ దగ్గరికి వెళుతున్నాం.

ఇకనుంచి పాటించాలనుకున్నవి ఇవి. ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉండాలి. అందులో ఒకటి మన ఊరికి బయట ఉండాలి. 2013లో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఏమయిందో చూసినవాళ్లం, ఊరంతా ఒకేసారి తడుస్తుందని వేరే చెప్పక్కర్లేదు. సంఘం ఖాతాలన్నీ సంఘం పేరు మీదే ఉండాలి, కీలు కాగితం మీద ఇద్దరి దగ్గర ఉండాలి. రికార్డింగ్ ఎక్కించి, విని, సరిచూశాకే ఫోన్లోంచి తియ్యాలి. పాత సంచికల్ని యూనికోడ్‌లోకి మార్చాలి. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, తెలుగు టైపింగ్ వచ్చినవాళ్లు నలుగురు కావాలి.

ఊరి బయట ఉండాల్సిన ఆ మూడో కాపీకి విశాఖలోగానీ భువనేశ్వర్‌లోగానీ ఉన్న సభ్యులెవరైనా ఒక డిస్కు తమ బీరువాలో పెట్టుకుని, ఆరు నెలలకోసారి తీసి నడుస్తోందో లేదో చూస్తామంటే చెప్పండి. వచ్చే ఆదివారం సమావేశంలో ఆ డిస్కు చేతికి ఇచ్చేస్తాం.