అంతం లేని ఏలుబడి

నవంబర్ 20, 2025
సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వచ్చేదాకా ప్లాట్ల బోర్డులే. వాటి నడుమ ఒక ప్రహరీ మీద నీలిరంగు రాత: యేసు రాజు త్వరలో వస్తున్నాడని. ఈ ఊరి పేరూ ఒక రాజుదే అంటారు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలాడు. తెలుగు కవులు ముచ్చటపడి ఆయన్ని మల్కిభరాముణ్ణి చేసుకున్నారు. 1687లో ఔరంగజేబు వచ్చాడు, వంశం పాలన ముగిసింది. పేరు మాత్రం బస్సు బోర్డు మీద తిరుగుతూనే ఉంది.

నవంబర్ 23, ఆదివారం
కతోలికులకు ఇవాళ క్రీస్తురాజు పండుగ. పాతదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సామ్రాజ్యాలు కూలి, ఇటలీలో ముస్సోలినీ నియంత అవుతున్న 1925లో పదకొండో పయస్ పోపు దీన్ని పెట్టారు. మొదట్లో అక్టోబరు చివరి ఆదివారం జరిగేది. 1969 సవరణతో ఆరాధనా సంవత్సరపు ఆఖరి ఆదివారానికి మారింది.

పండుగ రాజుది, ఈ ఏడు చదివే సువార్త మాత్రం సిలువ దగ్గరిది. లూకా 23. సింహాసనం లేదు, సైన్యం లేదు. కింద నిలబడ్డవాళ్లు ఎగతాళి చేస్తుంటే, పక్క సిలువ మీది నేరస్తుడొక్కడే ఆయన్ని రాజుగా గుర్తుపట్టి నన్ను మరవొద్దని అడుక్కున్నాడు. చెడు మీద గెలుపు అక్కడే అయిపోయిందని క్రైస్తవుల నమ్మకం. ఇక మిగిలింది ఆ గెలుపు లోకమంతటికీ కనబడటమే.

1927లో సరిగ్గా ఇదే తేదీన మెక్సికోలో మిగెల్ ప్రో అనే ఫాదరును కాల్చి చంపారు. చేతులు సిలువలా చాచి, క్రీస్తురాజుకు జేకొట్టి పోయాడట.

నవంబర్ 26
క్రీస్తు వెయ్యేండ్ల పాలన మీద పక్కింట్లో వాదన. బైబిల్ ప్రకటన గ్రంథం 20లో ఉన్నది ఉన్నట్టే జరుగుతుందని అల్లుడు. దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిల్ మిషన్‌లో క్రీస్తు రాకడ కోసం సిద్ధపడటమే పెద్ద బోధ. అతనిది ఆ సంఘమే. ఆ వెయ్యేళ్లు అంటే సంఘం నడుస్తున్న ఈ కాలమేనని అగస్టీను ఐదో శతాబ్దంలోనే రాశాడని నేనన్నాను. అత్తమ్మ చాయ్ పోస్తూ, "వెయ్యేండ్లో పదివేలో, వచ్చేటాయనకు ఎరుక. మీరు తాగుండ్రి, సల్లారుతది" అంది. చర్చ అక్కడితో సరి.

నవంబర్ 30
క్రీస్తు రాకకు ఎదురుచూసే ఆగమన కాలం మొదలు. ఆయన పాలన ఎంతకాలమన్న వాదన పాతదే. నాలుగో శతాబ్దంలో అంకురా బిషప్పు మార్సెల్లస్, చివరికి కుమారుడైన క్రీస్తు పాలన ముగిసి అంతా తండ్రికే చేరుతుందన్నాడు. దానికి జవాబుగానే, ఆయన రాజ్యానికి అంతం లేదన్న మాట విశ్వాస ప్రమాణంలో చేరిందంటారు. 381 నాటి ఆ ప్రమాణాన్నే సీఎస్ఐ వాళ్లూ కతోలికులూ ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. మార్సెల్లస్ పట్టుకున్నది 1 కొరింథీ 15. అదే అధ్యాయంలో, ఓడిపోయే చివరి శత్రువు ఎవరో పౌలు చెప్పాడు. పొరుగు మతం కాదు, పొరుగు కులం కాదు. మరణం. మైకుల్లో శత్రువుల మీద గెలుపు గురించి కేకలు వేసే బోధకులు ఈ వచనం దగ్గర ఎందుకు ఆగరో!

డిసెంబర్ 11
క్రీస్తురాజు పండుగను పెడుతూ పయస్ పోపు రాసిన లేఖకు ఇవాల్టితో నూరేళ్లు. రాకడ తేదీ చెబుతానంటూ కొత్త బోధకుడొకాయన దిగాడని కబురు. ఆ రోజు తనకు కూడా తెలియదని యేసే అన్నాడు, మార్కు 13 తీసి చూడండి. తేదీ చెప్పేవాడికి మాత్రం కానుక వేయకండి.