ఊపిరాడని టాంకు

ఇరువది సంవత్సరములకు పైగా మేము విద్యార్థులకు వాయు నియమములు బోధించుచున్నాము. బాయిల్ సూత్రమును నల్లబల్లపై ఎన్ని మారులు వ్రాసితిమో లెక్క లేదు. అయినను ఆ సూత్రమే సాలూరు కనుమ దారిలో ఎదురైననాడు దానిని గుర్తుపట్టలేకపోతిమి. గుర్తుపట్టినవాడు ఒక లారీ మెకానిక్కు. ఆనాడు నేర్చిన పాఠమును మా విద్యార్థుల యెదుట ఉంచుటకే ఈ నాలుగు మాటలు.

మాకు 2003లో తయారైన ఒక చిన్న కారు కలదు. అది ఏ సంస్థదో చెప్పనవసరము లేదు. జరిగిన దోషమంతయు మాదే. వాడకము తగ్గుటచే అది సంవత్సరమునకు పైగా మా యింటి బాదము చెట్టు క్రింద నిలిచియుండెను. పెట్రోలు టాంకు మూత ఎక్కడనో పోగా, బజారులో చవుకగా దొరికిన మరియొక మూతను తెచ్చి బిగించితిమి. అది చక్కగా సరిపోయినదని సంతోషించితిమి కూడ.

ఆ మే నెలలో మా తల్లిగారిని వెంటబెట్టుకొని కోరాపుట్‌లోని బంధువుల యింటికి బయలుదేరితిమి. విజయనగరములో టాంకు నిండుగా పెట్రోలు పోయించితిమి. పంపు తనంతట తాను ఆగిన తరువాత కూడ, చిల్లర సరిపెట్టుటకై మరికొంత పోయుమని మేమే కోరితిమి. గజపతినగరము, రామభద్రపురము దాటి సాలూరు చేరుసరికి ఎండ మండిపోవుచుండెను. కనుమ ఎక్కుచుండగా కారులో పెట్రోలు వాసన మొదలయ్యెను. తల్లిగారు తలనొప్పిగా నున్నదనిరి. ఘాటు రోడ్డు మలుపుల వలన అట్లుండునని సమాధానము చెప్పి ఊరకుంటిమి.

మరునాడు మధ్యాహ్నము తిరుగు ప్రయాణమునకు ముందు కోరాపుట్‌లో మూత తీయించినపుడు బుస్సుమని ఆవిరి బయటకు వచ్చెను. దానిని కూడ పట్టించుకొనలేదు. పొట్టంగి దాటి దిగుచుండగా వాన పట్టుకొన్నది. కనుమ దిగువకు వచ్చుసరికి చీకటి పడెను. కారు రెండు మూడు మారులు కుదుపులిచ్చి ఆగిపోయినది. ఎంత ప్రయత్నించినను ఇంజను అందుకొనలేదు.

సైకిలుపై పోవుచున్న ఒక యువకుడు జాలితో ఆగెను. పెట్రోలు అయిపోయినదేమోనని అతడు అనగా మేము మూత తిప్పితిమి. అది ఎన్నడును లేనంతగా బిగిసియుండెను. బలముగా తిప్పగా ఊడివచ్చినది. లోపల చీకటి. యువకుడు మాకు సాయపడవలెనను తలంపుతో జేబులోనుండి అగ్గిపెట్టె తీసి పుల్ల గీయబోయెను. సరిగా ఆ క్షణముననే వెనుక వచ్చి ఆగిన లారీలోనుండి ఒక కేక వినబడెను.

“ఒరే, ఆ అగ్గిపుల్ల గీయకు! అందరం పోతాం!”

లారీ దిగి వచ్చినవాడు సాలూరులోని ఒక వృద్ధ మెకానిక్కు. యువకుని దూరముగా పంపి, మమ్ము ఒకే ప్రశ్న అడిగెను: “మూత తీసినప్పుడు గాలి లోనికెళ్లినాదా, బయటికొచ్చినాదా?”

మేము తెల్లబోయితిమి. ప్రయోగశాలలో పిల్లలకు పరిశీలన ముఖ్యమని నిత్యము చెప్పు మేము, మా చేతిలోని మూతనే పరిశీలింపలేదు. కారులోనుండి మా తల్లిగారు బదులు చెప్పిరి: “లోపలికే పీల్చినట్టు వినిపించింది నాయనా.”

“అయితే బండి బాగానే ఉంది మేష్టారూ. ఊపిరాడక ఆగిపోనాది, అంతే” అని అతడు నవ్వెను. తాళము తిప్పగా ఇంజను వెంటనే పలికినది. అతని లారీ వెనుకనే మెల్లగా నడుపుకొని సాలూరు చేరి, ఆ రాత్రి అక్కడనే నిలిచితిమి.

ఉదయమున అతడు కారు అడుగున నున్న బొగ్గు డబ్బా గొట్టము నొకదానిని ఊడదీసి దులిపెను. ఎండిన మట్టి రాలినది. కందిరీగ జాతి పురుగొకటి ఆ గొట్టములో గూడు కట్టుకొనియుండెను. తరువాత మా మూతను త్రిప్పి చూపెను. లోపల వెలితి యేర్పడినపుడు తెరచుకొని గాలిని రానిచ్చు చిన్న కవాటము అసలు మూతలో ఉండును. మేము కొన్న చవుక మూతలో అది లేదు. ఒక ద్వారమును పురుగు మూసినది, రెండవ ద్వారమును మేము మూసితిమి.

జరిగినదానిని అప్పుడు మా శాస్త్రముతో సరిచూచుకొంటిమి. పెట్రోలు వేడికి సులభముగా ఆవిరియగును. దాని పరిమాణము కూడ ప్రతి పది డిగ్రీలకు సుమారు నూటికి ఒక వంతు పెరుగును. అందులకే టాంకు పైభాగమున కొంత ఖాళీ ఉంచుదురు. ఆ కాలపు ఇంజెక్షను కార్లలో అనేకముల యందు పంపు టాంకులోనే మునిగియుండును. ఇంజనుకు పంపినదానిలో మిగిలిన పెట్రోలు అక్కడి వేడిని మోసికొని తిరిగి టాంకునకే వచ్చును. పైపెచ్చు, కొండ ఎక్కుకొలది బయటి గాలి ఒత్తిడి ప్రతి 100 మీటర్లకు సుమారు నూటికి ఒక వంతు తగ్గును. కోరాపుట్ 850 మీటర్లకు పైన నున్నది. కావున ఎక్కునపుడు లోపలి ఒత్తిడి మూతను పైకి నెట్టి, సందు చేసికొని ఆవిరి బయటపడినది. తల్లిగారి తలనొప్పికి అదియే కారణమై యుండును. దిగునపుడు వాన టాంకును చల్లబరచినది, పెట్రోలు తరిగినది, బయటి ఒత్తిడి హెచ్చినది. అదే మూత ఈసారి లోనికి లాగబడి బిగిసినది. ఒత్తిడి తగ్గిన ద్రవము తక్కువ వేడికే మరుగును గదా! ఆవిరి బుడగలు చేరిన పంపు పెట్రోలును ఇంజనుకు అందింపలేకపోయినది.

బొగ్గు డబ్బా చేయు పని మనోహరమైనది. మన ఉద్దానపు కొబ్బరి చిప్పలవంటి వానినుండియు, కర్రనుండియు ఉత్తేజిత బొగ్గు తయారగును. కార్లలో ఎక్కువగా కర్ర బొగ్గునే వాడుదురు. దాని ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రముల వైశాల్యము సుమారు 1000 చదరపు మీటర్ల వరకు ఉండవచ్చును. కారు నిలిచియున్నపుడు టాంకులోని ఆవిరిని ఆ బొగ్గు పట్టియుంచును. ఇంజను నడుచునపుడు ఒక కవాటము తెరచుకొని, బయటి గాలితోపాటు ఆ ఆవిరిని ఇంజనులోనికి పంపి మండించును. టాంకునకు గాలి కావలసినపుడు అదియు ఈ డబ్బా గుండనే వచ్చును. నిండిన టాంకులో ఇంకను పోయించినచో ద్రవ పెట్రోలే బొగ్గులోనికి చేరి దానిని పాడుచేయును. మేము చిల్లరకై చేసిన పని అట్టిదే.

ఇంటికి వచ్చిన పిదప ఒక మిత్రుడు, మూతకు చిన్న రంధ్రము పొడిచిన చాలునని సలహా యిచ్చెను. కార్బురేటరు కాలపు బండ్లలో పెక్కింటికి అట్టి రంధ్రపు మూతలే ఉండెడివి. కాని పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేలబారున ప్రాకి, దూరముననున్న నిప్పును కూడ అందుకొనును. సున్నకు 40 డిగ్రీలు తక్కువ చలిలో సైతము అది అంటుకొనగలదు. అందులోని బెంజీను క్యాన్సరుకు కారణము. ఎండలో ఈ ఆవిరులు ఇతర పొగలతో కలసి గాలిని చెరచుననియే కాలిఫోర్నియాలో 1970 నాటి కార్లనుండి, అమెరికా అంతట 1971 నాటి కార్లనుండి ఆవిరి బయటకు పోకుండ కట్టుదిట్టము చేసిరి. కావున టాంకును పూర్తిగా మూయుటయు తప్పే, ఇష్టము వచ్చినట్లు తూట్లు పొడుచుటయు తప్పే. దాని ఊపిరికి ఏర్పరచిన దారిని శుభ్రముగా ఉంచుటయే సరియైన పని. మేము సరియైన మూత కొని, చెడిన బొగ్గు డబ్బాను మార్పించితిమి.

విద్యార్థులారా! మీ యిండ్లలో ఇట్టి పాత కారున్నచో పంపు మొదటిసారి ఆగినంతనే చాలింపుడు. ఇంజనును ఆపి, నిప్పును దూరముగా నుంచి, మూతను మెల్లగా తీయుడు. అపుడు వినబడు శబ్దమును శ్రద్ధగా వినుడు. కారులో వాసన వచ్చినచో కిటికీలు తెరచి ఊరకుండక, కారణము వెదకుడు.

ఆ ప్రయాణములో కారు మాకు మూడు మారులు చెప్పినది: వాసనతో, బుసతో, బిగిసిన మూతతో. మేము వినలేదు. విన్నవారు మా తల్లిగారు. అడుగవలసిన ప్రశ్న తెలిసినవాడు ఆ మెకానిక్కు. ఈనాటికిని బాయిల్ సూత్రము చెప్పు దినమున మేము తరగతికి ఆ చవుక మూతను తీసికొనిపోవుదుము. నల్లబల్లపై సూత్రము వ్రాయుటకు ముందు, విద్యార్థులను ఆ ప్రశ్ననే అడుగుదుము: గాలి లోనికి వెళ్లినదా, బయటకు వచ్చినదా?