అడిగితే చీర మార్చుకునేదాన్ని కదరా

మూడేళ్ల కిందట సంక్రాంతికి కోనసీమలోని మా ఊరికి కొత్త కెమెరాతో వెళ్లాను. వాయిదాల మీద కొనుక్కున్నది. సెలవులున్నన్ని రోజులూ రోజుకో ఫోటో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలన్నది నా సరదా. ముగ్గులు, గొబ్బెమ్మలు, గంగిరెద్దులు అందరూ తీస్తారు. నేను ఇంట్లో మామూలుగా జరిగే పనులు తీద్దామనుకున్నాను.

భోగి ముందురోజు పెద్దమ్మ పెరట్లో అరిసెలు వండుతోంది. తడిపిండి పాకంలో పోసి కలియబెట్టి, ఆకు మీద ఒత్తి, నూనెలో వేసి, తేలగానే తీసి రెండు చెక్కల మధ్య నొక్కుతోంది. తాటాకు పాక సందుల్లోంచి ఏటవాలుగా పడే ఎండ కట్టెల పొయ్యి పొగలో గీతలు గీతలుగా కనిపిస్తోంది. చెదిరిన జుట్టు, చెమట పట్టిన నుదురు, వంటకని కట్టుకున్న పాత చీర. చేతులు కదులుతున్నా చెదరకుండా రావాలని షట్టర్ 1/250కి పెంచి తీశాను. అంత మంచి ఫోటో అంతకుముందు నేనెప్పుడూ తీయలేదు. ఆ సంబరంలో అక్కడే నిలబడి గ్రూపులో పెట్టేశాను, స్టేటస్‌లోనూ పెట్టుకున్నాను.

సాయంత్రానికి పొగడ్తలే పొగడ్తలు. వాటి మధ్య ఒక బంధువు రాసిన మాట: "పండక్కి కూడా అక్కయ్యకి ఆ చిరుగుల చీరేనా? పిల్లలు పట్టించుకోవడం లేదా?" ఆ మాట పెద్దమ్మ దాకా వెళ్లింది.

మర్నాడు పొద్దున్న భోగిమంట దగ్గర కెమెరా ఎత్తితే మొహం పక్కకి తిప్పుకుంది. దగ్గరికెళ్లి కూర్చుంటే చాలాసేపటికి ఒక్క మాట అంది: "అడిగితే చీర మార్చుకునేదాన్ని కదరా."

మారిస్తే ఆ ఫోటోలో ఉన్నది పోయేదే అని నా మనసులో మొదట మెదిలింది. నా తప్పు నాకు తెలిసింది అప్పుడే. నాకు ఫోటో ముఖ్యమైపోయింది, పెద్దమ్మ కాదు. ఆ పొగ, ఆ వెలుగు నా కంటికి అందం. చీర మీది చిరుగు ఆవిడ పరువు. నలుగురిలోకీ ఎలా వెళ్లాలో తేల్చుకునే హక్కు ఆవిడది. దాన్ని నేను లాగేసుకున్నాను.

గ్రూపులో 'అందరికీ డిలీట్' నొక్కాను. స్టేటస్ ఎలాగూ 24 గంటల్లో పోతుంది. కానీ అప్పటికే ఎవరెవరి ఫోన్లలో చేరిందో, అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లిందో నాకేం తెలుసు? పంపిన ఫోటోని వెనక్కి తెచ్చుకునే దారి లేదు.

అప్పట్నుంచి పద్ధతి మార్చుకున్నాను. మనిషి కనిపించే ఫోటో అయితే తీసేముందు అడుగుతాను, తీశాక చూపిస్తాను, పంపేముందు మళ్లీ అడుగుతాను. తీయనిచ్చారంటే పంపమన్నారని కాదు. హరిదాసునైనా అంతే, భోగిపళ్లు పోయించుకునే పసిపిల్ల అయితే వాళ్లమ్మనీ అంతే. అడిగితే మనుషులు బిగుసుకుపోతారని నేనూ భయపడేవాణ్ణి. నిజమే, మొదటి రెండు మూడు ఫోటోల్లో బిగుసుకుపోతారు. కెమెరా ఒళ్లో పెట్టుకుని కాసేపు కబుర్లు చెబితే పనిలో పడిపోతారు. తర్వాత వచ్చేవే అసలు ఫోటోలు.

మరుసటి ఏడాది అరిసెల వేళకి కెమెరా పక్కన పెట్టి, ముందు చెక్కలు నేనే పట్టుకున్నాను. రెండు వాయిలయ్యాక, "తీయనా పెద్దమ్మా?" అన్నాను. చీర మార్చుకోవడానికి లేవబోయి, మళ్లీ కూర్చుంది. "తియ్యి, కానీ నాకు చూపించు" అంది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూసింది. తన చేతులూ, ఆకు మీది అరిసె మాత్రమే ఉన్న ఫోటో దగ్గర ఆగి, "ఇది పంపు" అంది. ఇంకోదాంట్లో పొగలో కళ్లు చికిలించి నవ్వుతోంది. అదే వంట చీర.

"ఇది పంపకు. కాగితం మీద వేయించి తీసుకురా, ఇంట్లో ఉంటుంది" అంది.

అమలాపురంలో ప్రింటు వేయించి తెచ్చిచ్చాను. ఆ ఫోటో నేను ఇంకెవరికీ చూపించలేదు.