ఆగుంబెలో పొడుగుకాళ్ళవారు

శివమొగ్గ జిల్లాలోని ఆగుంబె అనగానే మన బెంగుళూరు తెలుగువారికి సూర్యాస్తమయమూ, శంకర్ నాగ్ ‘మాల్గుడి డేస్’ తీసిన దొడ్డమనె గుర్తొస్తాయి. ఏటా 7,000 మిల్లీమీటర్లు దాటి వాన కురిసే ఊరు. మేము వెళ్ళిన సెప్టెంబరులో రెండు రోజులూ మబ్బే. సూర్యుడి సంగతి ఇతరులు రాస్తారు; నేను గోడ సంగతి రాస్తాను.

మేము దిగిన పెంకుటింటి వెనుక గోడకు, చూరు నీడన, నల్లటి జుట్టు కుచ్చు అంటించినట్లుంది. మా ఏడేళ్ళ మనవరాలు గొడుగు చాపేసరికి కుచ్చంతా ఒక్కసారిగా ఊగింది! వందకు పైగా ప్రాణులు, వెంట్రుకల్లాంటి కాళ్ళు పెనవేసుకుని, మినపగింజంత ఒళ్ళు కిందికీ మీదికీ ఆడిస్తున్నాయి. “విషప్పురుగులండీ, పిల్లను ఇవతలకు లాగండి” అంది మా ఆవిడ. పనిమనిషి చీపురూ ఫినాయిలూ తెచ్చింది. ఇంటి యజమాని, పోకతోట ఉన్న పెద్దాయన, “బేడమ్మా, బిడు” అని ఆపారు.

ఇవి సాలీళ్ళు కావు. ఇంగ్లీషులో హార్వెస్ట్‌మన్ అంటారు. సాలీడుకూ తేలుకూ బంధువే, ఎనిమిది కాళ్ళే. కాని నడుము లేదు, గూడు అల్లే దారం లేదు, విషం అసలే లేదు. లోకంలోకెల్లా ఘోరమైన విషం దీనిదేనని, కోరలు చిన్నవి గనుక మనం బతికిపోయామని ఒక కథ ప్రచారంలో ఉంది. ఖాతాయే లేనిచోట అంత నిల్వ ఎవరు చూపించారో! మన ఇళ్ళ మూలల్లో తలకిందులుగా వేలాడే పొడుగుకాళ్ళది వేరు. అది నిజం సాలీడే, తోటి సాలీళ్ళను కూడా పట్టి తింటుంది. మనుషులకు అపాయం లేదు.

సాలీడు ఎరను కరిగించి పీలుస్తుంది. ఇది మనలాగా ముక్కలు కొరికి తింటుంది. చిన్న పురుగులు, పేనుబంక, చచ్చిన కీటకాలు, పుట్టగొడుగులు, రాలిన పండ్ల గుజ్జు, ఏదైనా సరే. రాత్రి టార్చి వేసి చూస్తే గోడ దాదాపు ఖాళీ. అన్నీ మేతకు పోయాయి. చూపు అంతంతమాత్రం. అన్నిటికన్నా పొడుగైన రెండో జత కాళ్ళతో దారి తడుముకుంటుంది. తిన్నాక ఒక్కొక్క కాలినీ నోటి పట్టుకార్ల మధ్య నుంచి లాగి శుభ్రం చేసుకుంటుంది. మా మనవరాలికి ఇది బాగా నచ్చింది. తాను మాత్రం చెబితేగాని కాళ్ళు కడుక్కోదు.

శత్రువు పట్టుకుంటే కాలు వదిలేసి పారిపోతుంది. తెగిన కాలు కాసేపు అదురుతూ వాణ్ణి ఏమారుస్తుంది. బల్లికి తోక మళ్ళీ వస్తుంది, సాలీడు పిల్లకు కుబుసం విడిచాక కాలు వస్తుంది. దీనికి పోయిన కాలు పోయినట్టే. తడుముకునే జత రెండూ పోతే గుడ్డిదానితో సమానం. చీపురు ఒక్క విసురుకు వంద ప్రాణుల సంగతి ఊహించండి.

శివమొగ్గ నుంచి తీర్థహళ్ళి మీదుగా బస్సులున్నాయి. వానల్లో వెళితే జలగలుంటాయి, మేజోళ్ళు మరవకండి. చూరు కిందా, చెట్ల మొదళ్ళ దగ్గరా, బండల నీడనా వెతకండి. ఘాటైన వాసన వస్తే మరీ దగ్గరగా వెళ్ళారన్నమాట.