చిన్న దారుల్లో ఇంగ్లండ్

ఇక్కణ్నుంచి బ్రిటన్ వెళ్ళొచ్చిన అమ్మానాన్నల ఆల్బమ్‌లు చూడండి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. బిగ్‌బెన్ ముందు ఒకటి, టవర్ బ్రిడ్జి దగ్గర ఒకటి, మైనపు బొమ్మల భుజం మీద చెయ్యేసి నాలుగైదు. ఆ రెండు రోజులూ పోగా మిగతా మూడు నెలలూ కూతురింటి కిటికీలోంచి వాన చూడటమే. పాపం, పిల్లల తప్పేం లేదు. వాళ్ళకి దొరికేవి శనాదివారాలు. అందులో ఒకటి సరుకులకీ బట్టలు ఉతుక్కోడానికీ సరి!

ద్రాక్షారామం దగ్గరి ఓ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారూ, ఆయన భార్యా కిందటేడు వేసవిలో లీడ్స్‌లోని కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడూ అలాగే జరిగేది. కానీ అల్లుడికి పల్లెటూళ్ళ పిచ్చి. 'లండన్ ఎక్కడికీ పోదు మావయ్యగారూ, ముందు పల్లెలు చూద్దాం రండి' అంటూ మొదటి శనివారమే కారు తీశాడు. వెనక పులిహోర డబ్బా, దద్దోజనం, ఫ్లాస్కులో కాఫీ. అవి లేకుండా గోదావరి జిల్లా వాళ్ళు గడప దాటరు కదా!

లీడ్స్ నుంచి గంటసేపు వెళ్తే యార్క్‌షైర్ డేల్స్ మొదలవుతాయి. డేల్ అంటే లోయ. లోయ అడుగున సన్నటి ఏరు, ఏటి పక్కన నాలుగు రాతి ఇళ్ళు, ఓ చర్చి, కొండ వాలు నిండా గొర్రెలు. ఆ పచ్చదనాన్ని ముక్కలుగా కోసినట్టు మైళ్ళ తరబడి గోడలు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టినవే. ఎప్పుడో పొలాలకి హద్దులుగా కట్టినవి ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి.

చూడ్డానికి బాగానే ఉంది, చిక్కల్లా రోడ్డుతోనే. రెండు గోడల మధ్య ఒక్క కారు పట్టేంత దారి. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. తప్పుకోడానికి అక్కడక్కడా పక్కన కాస్త జాగా వదిలారు. తప్పుకున్నవాడికి ఎదుటివాడు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పడం అక్కడి మర్యాద. తెల్లటి గుండ్రటి బోర్డు మీద ఏటవాలుగా నల్లటి గీత కనిపిస్తే మాత్రం జాగ్రత్త! అలాంటి రోడ్డు మీద కారు గంటకి 60 మైళ్ళ దాకా వెళ్ళొచ్చని దానర్థం. అంటే 96 కిలోమీటర్లు! మలుపు అవతల ట్రాక్టరుందో గొర్రెల మందుందో తెలియని దారిలో అంత వేగానికి చట్టం ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కదా అని దూసుకుపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా? బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల్లో పోయేవాళ్ళలో సగానికి పైగా పల్లె రోడ్ల మీద పోతున్నవాళ్ళే.

సాయంత్రం ఇల్లు చేరాక 'ఏం బాబూ, నువ్వేం చూశావు?' అని అత్తగారు అడిగితే అల్లుడు 'రోడ్డు చూశానత్తయ్యా' అన్నాడు. 'నేను గోడలు చూశాను' అందావిడ.

అందుకే మరుసటి వారం కూతురు కారు తాళాలు దాచేసి అందర్నీ రైలెక్కించింది. లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్ళే రైలది. అందులో సెటిల్ అనే చిన్న ఊరి నుంచి కార్లైల్ దాకా ఉన్న 72 మైళ్ళ దారిని ఇంగ్లండ్‌లో అతి అందమైన రైలు దారుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. మిడ్లాండ్ రైల్వే కంపెనీ 1869లో పని మొదలుపెట్టింది. మొదటి ప్రయాణికుల రైలు 1876 మే 1న నడిచింది. కొండలు దాటుకుంటూ 1,169 అడుగుల ఎత్తు దాకా ఎక్కి దిగుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే నిన్నటి గోడలే ఇప్పుడు కింద లోయలో గళ్ళచీర పరిచినట్టు కనిపిస్తాయి. మాస్టారి భార్య అప్పుడు గానీ వాటిని క్షమించలేదు.

ఈ దారిలో అసలు ఘట్టం రిబుల్‌హెడ్ వంతెన. బోసిగా ఉన్న చిత్తడి నేల మీద 24 కమానులు, 104 అడుగుల ఎత్తు. కట్టేటప్పుడు కూలీలు పెళ్ళాం పిల్లలతో అక్కడే గుడిసెలు వేసుకుని చలికీ వానకీ ఓర్చుకుంటూ ఉన్నారు. ప్రమాదాలతో కొందరు, మశూచితో కొందరు పోయారు. దగ్గర్లోని చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణలో దాదాపు 200 మందిని పూడ్చారు. వాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. శ్మశానానికి చోటు చాలక పెంచాల్సొచ్చింది. రైల్లోంచి ఆ వంతెన మీదుగా వెళ్ళేటప్పుడు అది కనబడదు. దిగి, కిందికి నడిచి, తలెత్తి చూడాలి.

వంతెన దాటి, కొండని తొలిచిన సొరంగంలోంచి బయటపడితే వచ్చేది డెంట్ స్టేషన్. ఇంగ్లండ్‌లో మెయిన్ లైను మీదున్న స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది. డెంట్ ఊరు మాత్రం అక్కణ్నుంచి నాలుగు మైళ్ళ పైమాటే, అదీ కింద లోయలో! 'స్టేషన్ ఊరికి ఇంత దూరంగా ఎందుకు కట్టారు?' అని ఎవరో అడిగితే 'పట్టాలకి దగ్గరగా ఉండాలని కాబోలు' అన్నాడట స్థానికుడు. అక్కడ తరతరాలుగా చెప్పుకునే జోకిది.

ఇంత అందమైన దారి దాదాపుగా మూతపడిపోయిందంటే నమ్ముతారా? బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్‌గా రిచర్డ్ బీచింగ్ 1963లో ఓ నివేదిక ఇచ్చాడు. 2,363 స్టేషన్లూ, దాదాపు 5,000 మైళ్ళ దారీ నష్టాల్లో ఉన్నాయి, మూసేద్దాం అన్నది దాని సారాంశం. చాలామటుకు మూసేశారు కూడా. ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు దిగుతున్నారు అన్న లెక్కలు తీసింది 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం! వేసవిలో కిటకిటలాడే సముద్రపు ఒడ్డు ఊళ్ళ సంగతి ఆ వారంలో ఏం తెలుస్తుంది? అల్లుడు ఇది చెప్పినప్పుడు మాస్టారు ఉలిక్కిపడ్డారు. 'సంక్రాంతి సెలవుల్లో హాజరు చూసి స్కూలు మూసేసినట్టుంది' అన్నారు.

సెటిల్-కార్లైల్ లైను ఆ దెబ్బకి చావలేదు గానీ చిక్కి శల్యమైంది. 1970లో రెండు తప్ప దారిలోని చిన్న స్టేషన్లన్నిటికీ తాళాలు పడ్డాయి. రోజుకి రెండే రైళ్ళు. 1980ల్లో రిబుల్‌హెడ్ వంతెన పాతబడింది, బాగుచెయ్యాలంటే తలకు మించిన ఖర్చంటూ మొత్తానికే ఎత్తేస్తామన్నారు. నడపకుండా ఉంచి, ఎవరూ ఎక్కడం లేదనడం మనకీ తెలియని విద్య కాదు. అక్కడి జనం మాత్రం ఊరుకోలేదు. 1981లోనే ఓ సంఘం పెట్టుకున్నారు. 22 వేలకు పైగా అభ్యంతరాలు రాసి పంపారు. వాటిలో ఒకదాని మీద సంతకం లేదు, పంజా ముద్ర ఉంది! సంఘం వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రాహం నట్టాల్ పెంపుడు కుక్క రస్సప్‌ది అది. 'టికెట్టు కొని ప్రయాణించేవాళ్ళెవరైనా అభ్యంతరం చెప్పొచ్చు' అన్నది నిబంధన. రస్సప్‌కి టికెట్టు కొనేవారు కాబట్టి దాని అభ్యంతరమూ చెల్లింది.

ఎత్తేస్తారట అన్న వార్తతో రైళ్ళు నిండటం మొదలైంది. 1986లో ఎనిమిది స్టేషన్లు మళ్ళీ తెరిచారు. 1989 ఏప్రిల్ 11న ప్రభుత్వం లైనుని మూయబోమని ప్రకటించింది. అప్పుడు రవాణా సహాయ మంత్రిగా ఉన్న మైకేల్ పోర్టిల్లో తర్వాత్తర్వాత బీబీసీ కోసం రైలు ప్రయాణాల కార్యక్రమాలు చేసి పేరు తెచ్చుకున్నాడు.

గ్రాహం మాత్రం ఆ గెలుపుని ఎక్కువ రోజులు చూసుకోలేదు. 1990 జనవరిలో కుక్కని తీసుకుని వేల్స్ కొండల్లో నడవడానికి వెళ్ళి తిరిగి రాలేదు. పదకొండు వారాల తర్వాత ఓ సెలయేటి పక్కన ఆయన శవం దొరికింది. ఆ చలిలో, ఆ వానల్లో అన్ని వారాలూ రస్సప్ ఆ పక్కనే కూర్చుని ఉంది. పద్నాలుగేళ్ళ ముసలి కుక్క. యజమాని అంత్యక్రియలు చూసి, కొద్ది రోజులకే అదీ పోయింది. దాని కంచు విగ్రహం 2009 నుంచీ గార్స్‌డేల్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఉంది. రైలు అక్కడ ఆగింది కొద్ది క్షణాలే. మాస్టారి భార్య కిటికీలోంచి దండం పెట్టింది.

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాకినాడ-కోటిపల్లి లైను కథ మనవడికి చెప్పారు. 1928లో వేసిన ఆ లైను పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో దొరలే పీకించి పట్టుకుపోయారు. మళ్ళీ ఆ దారిలో కూత వినిపించింది 2004లో. మధ్యలో రెండు తరాలు పోయాయి. మాస్టారి తండ్రి చిన్నప్పుడెప్పుడో ఎక్కానని చెప్పేవారట, ఊళ్ళో పిల్లలు నమ్మేవాళ్ళు కాదు.

మరి బ్రిటన్‌లో బీచింగ్ మూసేసిన దారులన్నీ ఏమైనట్టు? కొన్ని పొలాల్లో కలిసిపోయాయి, కొన్నిటి మీద రోడ్లు పడ్డాయి. కొన్నిటిని సైకిళ్ళు కాపాడాయి. బ్రిస్టల్‌లో కొందరు కుర్రాళ్ళు 1977లో ఓ బృందంగా కూడి, బాత్ నగరానికి వెళ్ళే పాత రైలు దారి మీద సైకిలు బాట వెయ్యడానికి పూనుకున్నారు. పలుగూ పారా పట్టిన వాలంటీర్లతో 1979లో మొదలై 1986 నాటికి 13 మైళ్ళూ పూర్తయింది. ఆ బృందమే తర్వాత సస్ట్రాన్స్ సంస్థ అయింది. 1995లో లాటరీ నిధుల నుంచి నాలుగు కోట్ల పౌండ్లకు పైగా తెచ్చుకుని దేశమంతా సైకిలు దారులు అల్లింది.

వాటిలో అందరికీ తెలిసింది సముద్రం నుంచి సముద్రానికి వెళ్ళే సీ-టు-సీ. 1994లో మొదలైంది. దాదాపు 140 మైళ్ళు. పడమర ఒడ్డున వెనక చక్రం తడిపి బయల్దేరతారు, తూర్పు ఒడ్డున ముందు చక్రం తడిపి దిగుతారు. అల్లుడు ఆఫీసు స్నేహితులతో మూడు రోజుల్లో తొక్కాడు. మధ్యలో 1,904 అడుగుల హార్ట్‌సైడ్ కొండ ఉంది. రొప్పుకుంటూ ఎక్కినవాళ్ళకి పైన టీ ఇచ్చే హోటలుండేది, అది 2018లో కాలిపోయింది. ఇప్పుడు పైకెక్కితే గాలీ, దృశ్యమూ ఉంటాయి, అంతే.

మాస్టారికి కొండలొద్దు. కాలవ గట్టు మీద సైకిలేసుకుని బడికెళ్ళిన మనిషి, చదునైన దారి చాలు. లేక్ డిస్ట్రిక్ట్‌లో కెజిక్ నుంచి త్రెల్కెల్డ్ దాకా మూడు మైళ్ళ బాట ఉంది. అదీ 1972లో మూసేసిన రైలు దారే. రైళ్ళు నిటారుగా ఎక్కలేవు కాబట్టి రైలు దారి ఎప్పుడూ మోకాళ్ళ మీద దయతోనే ఉంటుంది. గ్రెటా నది పక్కనే, చెట్ల నీడలో పోతుంది. 2015 డిసెంబరు తుపానులో వంతెనలు కొట్టుకుపోతే మళ్ళీ కట్టి 2020లో తెరిచారు. పనిలో పనిగా, ఎప్పుడో రోడ్డు కోసం పూడ్చేసిన సొరంగాన్ని కూడా తవ్వి తీశారు. మాస్టారు అద్దె సైకిలెక్కి, మనవణ్ని ముందు పోనిచ్చి, ఆ సొరంగంలో బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. మూడు మైళ్ళకి రెండు గంటలు పట్టింది. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ పలకరిస్తుంటే ఆగకుండా ఎలా?

ఒక్కటే వింత. కెజిక్‌కి ఇప్పుడు రైలు లేదు. అందుకని రైలు దారి మీద సైకిలు తొక్కడానికి అంతా కారులో వెళ్ళాల్సొచ్చింది! కారు లేనివాళ్ళు పెన్‌రిత్‌లో రైలు దిగి బస్సెక్కాలి. ఎక్కలేని ముసలివాళ్ళు ఇంట్లో ఉండాలి. పట్టాలు పీకిన ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో మాస్టారు ఎవరికీ లెక్క వేసి చెప్పక్కర్లేకపోయింది.

తిరుగు ప్రయాణానికి ముందు లండన్ చూశారు. బిగ్‌బెన్ ఫొటో తప్పదు కదా! మర్నాడు మాత్రం మాస్టారు పట్టుబట్టి అందర్నీ వాటర్లూ స్టేషన్లో రైలెక్కించారు. గంటలోపే డార్కింగ్. సర్రే కొండల అంచున ఉన్న చిన్న పట్నం. పక్కనే బాక్స్ హిల్, 2012 ఒలింపిక్స్‌లో సైకిలు పందేలు జరిగిన కొండ. ఆదివారం కావడంతో మెలికల దారి నిండా సైకిళ్ళే. మాస్టారు వాటికేసి చూడను కూడా లేదు. ఆయన వెళ్ళింది శ్మశానానికి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి గోదావరి డెల్టాకి అన్నం పెట్టిన సర్ ఆర్థర్ కాటన్ చివరి రోజులు గడిపింది డార్కింగ్‌లోనే. 1899లో, 96వ ఏట అక్కడే కన్నుమూశాడు, అక్కడే సమాధి.

స్టేషన్ నుంచి నడిచి వెళ్ళే దూరమే. దారిలో కొన్న పూలు సమాధి దగ్గర పెట్టి కాసేపు నిలబడ్డారు. మనవడు 'ఈయనెవరు తాతయ్యా?' అన్నాడు. మాస్టారు ఆనకట్ట గురించి చెప్పి, ఇండియాలో రైళ్ళ మీద పెట్టే డబ్బు కాలవల మీద పెట్టండి, పంటకి నీళ్ళూ అందుతాయి, పడవలూ నడుస్తాయి అని కాటన్ దొర జీవితాంతం ప్రభుత్వంతో వాదించిన సంగతీ చెప్పారు.

'చూశారా మరి' అంది ఆయన భార్య. 'రైళ్ళు వద్దన్నాయన దగ్గరికి రైలెక్కి వచ్చాం.'